ఉంగరం లెక్క, బంగారం లెక్క

పెళ్లి కుదిరిన కుర్రాడు అమ్మాయి వేలికి తొడిగే ఉంగరానికి ఎంత ఖర్చు పెట్టాలి? అమెరికాలో ఈ ప్రశ్నకు బాగా నలిగిన జవాబు ఒకటుంది: రెండు నెలల జీతం. జపాన్‌లో ఒక తరం పాటు అది మూడు నెలల జీతం. ఈ లెక్క ఏ మతగ్రంథంలోనూ లేదు, ఏ చట్టంలోనూ లేదు. దక్షిణాఫ్రికా గనుల మీద ఎదిగిన డీ బీర్స్ కంపెనీ, దానికి ప్రకటనలు రాసిపెట్టిన ఏజెన్సీలు కలిసి చెప్పిన లెక్క అది. మన దగ్గర పెళ్లి నగల విషయంలో జనాన్ని వేధించిన ప్రశ్న వేరు. ఈ బంగారం నిఖార్సైనదేనా? దానికి పాతికేళ్ల కిందట టాటాల తనిష్క్ దుకాణం ఒక యంత్రం చూపించి జవాబు చెప్పింది.

రెండూ పెళ్లి చుట్టూ తిరిగే వ్యాపారాలే. రెండూ పాత కట్టుబాటు సడలిన చోటే అడుగు పెట్టాయి. పెద్దవాళ్ల మాట చెల్లని కాలంలో, ఏది పద్ధతో ఎవరూ ఖాయంగా చెప్పలేని కాలంలో, కంపెనీలు పెద్దరికం తీసుకుంటాయని, జీవితానికి అర్థాలు కూడా అవే అమ్ముతాయని విమర్శకులు చాలాకాలంగా అంటున్నారు. మాట నిజమే. కాని అక్కడితో ఆగిపోతే అన్ని బ్రాండ్లనూ ఒక గాటన కట్టినట్టవుతుంది. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు కనిపించిన తేడా ఇది: ఒక బ్రాండు కొనేవాడి చేతికి కొలబద్ద ఇచ్చింది. ఇంకొకటి కొలబద్ద తన చేతిలో పెట్టుకుని కొనేవాడినే కొలిచింది.

ముందు వజ్రం సంగతి. సెసిల్ రోడ్స్ 1888లో కింబర్లీ గనుల మీద నిలబెట్టిన కంపెనీ డీ బీర్స్. 1930ల మాంద్యంలో వజ్రాల ధరలు పడిపోయాయి. కంపెనీ అధిపతి కొడుకు హ్యారీ ఓపెన్‌హైమర్ 1938లో న్యూయార్క్ వెళ్లి ఎన్.డబ్ల్యు. అయర్ అనే ప్రకటనల ఏజెన్సీని కలిశాడు. ఈ కథను చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడే మొదలుపెట్టి, ఒక ఏజెన్సీ ప్రపంచాన్ని మాయ చేసిందని ముగిస్తారు. అది సగం కథ. మిగతా సగం కోర్టుల్లో ఉంది.

అమెరికన్ చట్టంలో ఒకప్పుడు, పెళ్లాడతానని మాటిచ్చి తప్పినవాడి మీద ఆడపిల్ల దావా వేసే హక్కు ఉండేది. పెళ్లి నిశ్చయమయ్యాక దగ్గరైన జంట విడిపోతే ఆ రోజుల్లో నష్టమంతా దాదాపు ఆమెదే. మరో సంబంధం దొరకడం కష్టం. ఆ నష్టాన్ని కోర్టు డబ్బు రూపంలో లెక్కగట్టి ఇప్పించేది. ఈ దావాలను మగవాళ్లను బెదిరించి డబ్బు గుంజడానికి వాడుతున్నారన్న విమర్శ బలపడి, 1935లో ఇండియానా రాష్ట్రం ఆ హక్కును రద్దు చేసింది. పదేళ్లు తిరిగేసరికి మరెన్నో రాష్ట్రాలు అదే దారి పట్టాయి. న్యాయశాస్త్ర ఆచార్యురాలు మార్గరెట్ బ్రినిగ్ 1990లో ప్రచురించిన వ్యాసంలో ఈ రెండు సంగతులనూ ముడివేశారు. చట్టం తప్పుకున్న చోటికి ఉంగరం వచ్చిందని ఆమె వాదన. మాట తప్పితే ఉంగరం మీద పెట్టిన సొమ్ము పోతుంది కనుక అది వరుడు కట్టిన ధరావతు లాంటిది. పెద్ద ప్రచారం మొదలు కాకముందే, 1935 నుంచే వజ్రాలకు గిరాకీ పెరుగుతూ వచ్చిందని కూడా ఆమె ఎత్తిచూపారు.

నాకు ఈ వాదన చాలా ముఖ్యమనిపిస్తుంది. ఖాళీని డీ బీర్స్ సృష్టించలేదు. ఆడపిల్లకు రక్షణగా ఉన్న ఒక కట్టు తెగిపోయింది, ఆ స్థానంలో ఏదో ఒకటి కావలసి వచ్చింది. ఆ అవసరం నిజమైనది, భయం నుంచి పుట్టినది. కంపెనీ చేసిందల్లా ఆ భయానికి ఒక ఆకారం, ఒక ధర ఇవ్వడం.

ఎలా ఇచ్చింది? సినిమా తారలకు వజ్రాలు అందాయి, పత్రికలకు ఆ తారల కబుర్లు, ఫొటోలు అందాయి. హైస్కూళ్లలో ఆడపిల్లలకు వజ్రాల గురించి ఉపన్యాసాలు ఇప్పించారు. ట్రస్టు వ్యతిరేక చట్టాల వల్ల కంపెనీ అప్పట్లో అమెరికాలో నేరుగా వ్యాపారం చేసే వీలుండేది కాదు కనుక ప్రకటనల్లో ఫలానా దుకాణానికి రండి అనే పిలుపు ఉండేది కాదు. వాళ్లు ప్రచారం చేసింది ఒక ఆచారానికి. 1947లో ఆ ఏజెన్సీలో పనిచేసే ఫ్రాన్సిస్ గెరెటీ, వజ్రం శాశ్వతమని అర్థం వచ్చే చిన్న నినాదం రాశారు. 1999లో అడ్వర్టైజింగ్ ఏజ్ పత్రిక దాన్ని శతాబ్దపు నినాదంగా ఎంచింది.

ఆ నినాదంలో ప్రేమ ఎంత ఉందో వ్యాపారమూ అంతే ఉంది. ఎడ్వర్డ్ జే ఎప్‌స్టీన్ 1982లో అట్లాంటిక్ పత్రికలో రాసిన దీర్ఘ వ్యాసం ఈ గుట్టు విప్పింది. ఏటా గనుల నుంచి వచ్చే వజ్రాల కంటే జనం బీరువాల్లో, వేళ్లకు ఉన్న వజ్రాలు ఎన్నో రెట్లు ఎక్కువ. అవి తిరిగి బజారుకొస్తే ధర కుప్పకూలుతుంది. శాశ్వతం అంటే అమ్మకూడదు అని. భర్త పోయినా, కాపురం చెడినా, డబ్బుకు ఇబ్బందైనా అమ్మకూడదు. ప్రేమకు గుర్తుగా చెప్పిన మాటే కంపెనీ సరుకుకు కాపలా కాసింది.

జపాన్ కథ ఇంకా తేటగా ఉంటుంది. అక్కడ యుద్ధం తర్వాత పెద్దలు కుదిర్చే సంబంధాలు తగ్గుతూ వచ్చి, 1960ల చివరికి ప్రేమ పెళ్లిళ్లు వాటిని మించాయి. ‘యుయినో’ అనే నిశ్చితార్థపు ఇచ్చిపుచ్చుకోళ్లలో ఏ కానుక ఎలా అందించాలో పాత పద్ధతి వివరంగా చెప్పేది. తమంతట తాము కలిసిన జంటకు ఆ పద్ధతి పరాయిదైపోతోంది. సరిగ్గా ఆ దశలో, 1967లో, డీ బీర్స్ తరఫున జె. వాల్టర్ థామ్సన్ ఏజెన్సీ ప్రచారం మొదలుపెట్టింది. అప్పటికి వజ్రపు ఉంగరం అందుకుంటున్న పెళ్లికూతుళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. 1981 నాటికి 60 మంది. పద్నాలుగేళ్లలో ఒక దేశపు పెళ్లి ఆచారం మారిపోయింది. దానికి తోడు మూడు నెలల జీతం అనే లెక్క స్థిరపడింది. పాత పద్ధతిలో రెండు కుటుంబాలు ఒకదానికొకటి బాధ్యత పడేవి. కొత్త పద్ధతిలో ఒక ఉద్యోగి ఒంటరిగా తన జీతపు చీటీ ముందు నిలబడ్డాడు.

ఆ లెక్కలోని క్రూరత్వాన్ని కాస్త ఆగి చూడాలి. జీతాన్ని కొలమానం చేయడం వల్ల ఎంత పేదవాడైనా తప్పించుకోలేడు, ఎంత సంపన్నుడైనా చిన్న రాయితో సరిపెట్టలేడు. తక్కువ పెట్టినవాడికి స్తోమత లేదని ఎవరూ అనరు, ప్రేమ లేదంటారు. ధరను స్తోమతకు ముడివేసి, స్తోమతను ప్రేమకు ముడివేసిన నియమం ఇది. ఇంత స్పష్టమైన నియమం మరొకటి దొరకడం కష్టం. ఆ స్పష్టతే దాని బలం. ఏం చేయాలో తెలియక తికమకపడే పాతికేళ్ల కుర్రాడికి ఒక అంకె దొరికితే ఎంత నిశ్చింతో నేను ఊహించగలను. ఆ నిశ్చింతకు అతను కట్టిన మూల్యం మాత్రం పూర్తిగా అమ్మేవాడి పెట్టెలోకే వెళ్లింది.

ఇక మన వైపు. 18వ శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి ప్రధానంగా వజ్రాలు అందించింది మన దేశమే. అందులో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులకు, గోల్కొండ బజారుకు ఉన్న పేరు పెద్దది. అయినా తెలుగు పెళ్లిలో వజ్రానికి తప్పనిసరి చోటు ఎప్పుడూ లేదు. కలిగిన ఇళ్లలో ముక్కుపుడకకో దుద్దులకో పరిమితం. పెళ్లి అంటే బంగారం. పుట్టింటి పుస్తె ఒకటి, అత్తింటి పుస్తె ఒకటి. ఎన్ని తులాలో, ఎన్ని కాసులో తాంబూలాలకు ముందే పెద్దలు తేల్చుకునేవారు. నియమాలకు ఇక్కడ కొదవ లేదు. కొదవ వచ్చింది నమ్మకానికి.

ఆ నమ్మకం ఒక మనిషి మీద ఉండేది. కంసాలి మూడు తరాలుగా ఆ ఇంటికి తెలిసినవాడు. మంచిరోజు చూసి బంగారం అతని చేతికిచ్చేవారు. నగ తయారయ్యాక తరుగు ఎంతంటే అంత. అతుకులో ఎంత రాగి పడిందో, ఎంత వెండి పడిందో అడిగే అలవాటు లేదు. మోసానికి వీలు లేకపోలేదు, కాని మోసం బయటపడితే ఆ ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. గీటురాయి కంటే ఆ సిగ్గే ఎక్కువ పట్టుగా పనిచేసేది. కుటుంబాలు ఊరు విడిచి హైదరాబాద్, విశాఖ, బెంగళూరు చేరాక ఆ పట్టు పోయింది. ప్రొద్దుటూరులోనో నరసాపురంలోనో చేయించిన నగను బెంగళూరులో మార్చబోతే, చేసినవాడెవరో అక్కడివాళ్లకు తెలియదు.

ప్రభుత్వం కూడా ఈ వృత్తిని నలిపేసింది. 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయరాదని 1963లో వచ్చిన బంగారు నియంత్రణ ఉత్తర్వు వేలాది స్వర్ణకారుల బతుకుతెరువును దెబ్బతీసింది. 1968లో నియంత్రణ చట్టమే వచ్చింది. 1990లో దాన్ని ఎత్తేశారు. పాత బంధమూ లేదు, పాత చట్టమూ లేదు, కొత్త ప్రమాణమూ లేదు. ఆ మధ్యకాలంలో, 1990ల నడుమ, టాటాల గడియారాల కంపెనీ టైటాన్ తనిష్క్ పేరుతో నగల రంగంలోకి వచ్చింది. మొదట్లో 18 క్యారెట్ల నగలు, పరదేశీ తరహా డిజైన్లు పెట్టి దెబ్బతింది. మన ఆడవాళ్లు 22 క్యారెట్లు కాని బంగారాన్ని బంగారంగా లెక్కపెట్టరు. 1999లో తనిష్క్ దుకాణాల్లోకి క్యారెట్‌మీటర్ వచ్చింది.

యంత్రం పని చెప్పుకోవడానికి తేలికే. నగను చిన్న పెట్టెలాంటి గదిలో పెట్టి మూత వేస్తారు. ఎక్స్‌రే కిరణాలు నగను తాకుతాయి. బంగారం, వెండి, రాగి, జింకు, ఒక్కో లోహం తన తరహాలో కిరణాలను తిరిగి వదులుతుంది. వాటిని చదివి యంత్రం ఏ లోహం నూటికి ఎంతుందో రెండు మూడు నిమిషాల్లో తెర మీద చూపిస్తుంది. నగను కరిగించనక్కర్లేదు, గీయనక్కర్లేదు. 22 క్యారెట్లయితే వెయ్యికి 916 పాళ్లు బంగారం ఉండాలి. పెళ్లి నగలు మార్చుకోవడానికి వెళ్లిన చాలామంది ఇళ్లలో ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. తల్లి, కూతురు, తోడొచ్చిన మేనత్త తెర వైపు చూస్తుంటారు. తొంభై పైన రావలసిన చోట ఎనభై దరిదాపుల్లో అంకె నిలుస్తుంది. ఎవరూ మాట్లాడరు. కాసేపటికి మేనత్తే అంటుంది, “చేసినాయన పోయి పదేళ్లయింది, ఇంకెవర్ని అడుగుతాం వదినా!” అప్పుడు దుకాణం తన పథకం చెప్పింది: 19 క్యారెట్లకు తగ్గకుండా తేలితే మజూరీ కట్టి 22 క్యారెట్ల నగ తీసుకెళ్లండి.

ఇందులోనూ వ్యాపారం ఉంది, సందేహం లేదు. పాత కంసాలి మీద అనుమానం ఎంత పెరిగితే కొత్త దుకాణానికి అంత లాభం. నిజాయితీగా పనిచేసిన వేలమంది స్వర్ణకారులు కూడా ఆ అనుమానం కింద నలిగారు, అది నన్ను బాధపెట్టే విషయం. యంత్రానికీ హద్దులున్నాయి. అది నగ పైపొరనే చదువుతుంది. పైన పూత మందంగా ఉంటే లోపలి సంగతి దానికి తెలియదు. కచ్చితంగా తేల్చాలంటే కాస్త బంగారం తీసి నిప్పులో పరీక్షించాల్సిందే. పైగా యంత్రం దుకాణానిది, చూపించేది దుకాణం మనిషి.

అయినా డీ బీర్స్ అంకెకూ ఈ అంకెకూ పోలిక లేదు. ఇది వస్తువు గురించి చెప్పే అంకె. దాన్ని ఇంకో చోట, ఇంకో యంత్రంలో సరిచూసుకోవచ్చు. తనిష్క్ సొంత నగనే బయట పరీక్షకు పెట్టి నిలదీయవచ్చు. ఇలాంటి నియమం బ్రాండు చేతిలోంచి జారిపోయి అందరి సొత్తవుతుంది, అయింది కూడా. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2000లో బంగారానికి హాల్‌మార్కింగ్, అంటే స్వచ్ఛతను ధ్రువీకరించే ముద్ర, ప్రారంభించింది. 2021 జూన్ 16 నుంచి మొదటి విడతగా 256 జిల్లాల్లో అది తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక్కో నగకు విడిగా ఇచ్చే, ఆరు అక్షరాలు, అంకెలతో ఉండే హెచ్‌యూఐడీ గుర్తు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మడానికి వీల్లేదు. ఒక కంపెనీ తన వినియోగదారుడిని ఆకట్టుకోవడానికి పెట్టిన పద్ధతి, రెండు దశాబ్దాలకు ఎన్నో జిల్లాల దుకాణాలకు చట్టమైంది. రెండు నెలల జీతం లెక్కను ఏ ప్రభుత్వమూ ప్రమాణంగా తీసుకోలేదు, తీసుకోజాలదు కూడా. అందులో పరీక్షించడానికి ఏమీ లేదు.

వజ్రాల వైపు కొలబద్దలే లేవని అనడం మాత్రం అన్యాయం. అమెరికాలో 1931లో రాబర్ట్ షిప్లీ స్థాపించిన జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్, 1953లో వజ్రానికి రంగు, స్వచ్ఛత, కోత, బరువుల వర్గీకరణ ఏర్పరిచింది. నాలుగు ‘సీ’లుగా డీ బీర్స్ ప్రచారం చేసినది దాన్నే. కొనేవాడికి అదీ మేలు చేసింది. కాని రాయి నాణ్యత ఎంత కచ్చితంగా తేలినా, దాన్ని తిరిగి అమ్మబోతే ఏమొస్తుందన్న ప్రశ్నకు ఆ పట్టికలో గడి లేదు.

నా తూకం అక్కడే మొగ్గుతుంది. కొన్న వస్తువును తిరిగి కౌంటర్ మీద పెట్టినప్పుడు ఏమవుతుంది? వజ్రపు ఉంగరం తీసుకెళ్లినవాళ్లకు కొన్న ధరలో చిన్న భాగం మాత్రమే రావడం మామూలు. దుకాణాల్లో కొన్ని అసలు తీసుకోనే తీసుకోవు. బంగారం మీద మజూరీ, తరుగు పోతాయి, రాళ్ల బరువు తీసేస్తారు, మిగిలినదానికి ఆ రోజు ధర వస్తుంది. మన ఇళ్లలో పిల్లల ఫీజులు, ఆపరేషన్ ఖర్చులు, పొలం పెట్టుబడులు ఎన్నిసార్లు ఆ బంగారం మీదే గట్టెక్కాయో చెప్పనక్కర్లేదు. తెలుగు స్త్రీ బంగారాన్ని శాశ్వతమని ఎన్నడూ అనుకోలేదు, అవసరానికి ఆదుకునేదని అనుకుంది. తాకట్టు పెట్టడం అవమానమని బాధపడినా, ప్రేమకు ద్రోహం చేశానని బాధపడలేదు. ఆ తెలివిడిని తనిష్క్ చెడగొట్టలేదు. పాత నగ తెచ్చి కొత్తది పట్టుకెళ్లమనే మార్పిడి మీదే తన వ్యాపారం కట్టుకుంది. ఒక బ్రాండు అమ్మవద్దన్నది, ఒకటి తెచ్చి మార్చుకోమన్నది.

ఇంతవరకే అయితే తీర్పు సులువు. కాని తనిష్క్ కూడా కొనేవాడినే కొలిచే రకం నియమాల్లోకి దిగింది. ‘రివాహ్’ పేరుతో అది పెళ్లి నగల విభాగం నడుపుతోంది. అందులో తెలుగు పెళ్లికూతురు, తమిళ పెళ్లికూతురు, మరాఠీ, బెంగాలీ, పంజాబీ పెళ్లికూతుళ్లు అంటూ ప్రాంతాల వారీగా నగల జాబితాలున్నాయి. ఇది చూస్తే నాకు రెండు ఆలోచనలు కలుగుతాయి. డల్లాస్‌లోనో పుణేలోనో పెరిగిన తెలుగు అమ్మాయికి అమ్మమ్మ పక్కన లేదు, మేనత్తతో మాటల్లేవు, పెళ్లి వేరే కులం అబ్బాయితో, అతని వాళ్ల పద్ధతి ఏమిటో తెలియదు. ఆమెకు ఒక పేజీలో వడ్డాణం, వంకీ, కాసులపేరు వరసగా కనిపిస్తే ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఊరటను తక్కువ చేయను. అయితే శ్రీకాకుళంలోని నాగావళి ఒడ్డు పెళ్లికీ, కరీంనగర్ పెళ్లికీ, అనంతపురం పెళ్లికీ నగలు ఒకటి కావు. ఒకే ఊళ్లో రెండు వీధుల మధ్యే తేడాలుంటాయి. ఒక పెళ్లికి వడ్డాణమే లేకపోవచ్చు, ఆ పెళ్లికి ఏ లోపమూ రాదు. జాబితాలో తెలుగు పెళ్లికూతురు ఒక్కర్తే ఉంటుంది, ఆవిడ ఒంటి మీద అన్నీ ఉంటాయి. ఆచారంలో లేనిది లేకపోవడం సహజం. జాబితాలో ఉన్నది లేకపోతే అది లోటు. ఈ లోటు భావం మూడు నెలల జీతం లెక్కకు చుట్టమే.

పాతకాలం నియమాలు మేలని నేను అనడం లేదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శించిన నాటికి పసిపిల్లలను ముసలివాళ్లకు డబ్బుకిచ్చే ఆచారం కుటుంబ పెద్దల అంగీకారంతోనే నడిచింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక కూడా తులాల బేరం ఆగలేదు. ఆ కట్టుబాట్లు సడలడం మంచిదే, ఇంకా సడలాలి. కంపెనీలు ఇచ్చే నియమాలను తూచేటప్పుడు పాత పెద్దరికాన్ని పవిత్రంగా ఊహించుకుంటే తూకం తప్పుతుంది.

అందుకే తనిష్క్ ప్రకటనలు నాకు విలువైనవిగా కనిపించాయి. 2013లో గౌరీ షిండే తీసిన ప్రకటనలో పెళ్లికూతురికి అప్పటికే ఒక పాప ఉంది. ఏడడుగులు వేస్తుంటే ఆ పాప తానూ వస్తానంటుంది. పెళ్లికొడుకు ఆమెను ఎత్తుకుని నడుస్తాడు. చామనఛాయ వధువు, మారు మనువు, పసిపిల్ల సాక్ష్యం, ఇవన్నీ నగల ప్రకటనలో అంత ఆదరంగా కనిపించడం అప్పటికి కొత్త. డీ బీర్స్ ప్రకటనలు ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చన్న ప్రశ్న జోలికి పోలేదు. ఉంగరం ఎంతుండాలో చెప్పాయి, ఆ ఉంగరం ఎవరి వేలికి తొడగవచ్చో పాత సమాజానికే వదిలేశాయి. ఈ విషయంలో తనిష్క్‌ది పెద్ద సాహసం. ధర గురించి కాక మనిషి గురించి మాట్లాడింది.

ఆ సాహసం 2020 అక్టోబర్ దాకా నిలిచింది. ‘ఏకత్వం’ నగల కోసం చేసిన ప్రకటనలో ఒక ముస్లిం ఇంట్లో హిందూ కోడలికి సీమంతం జరుగుతుంది. అత్తగారు తమ ఇంట లేని వేడుకను కోడలి కోసం చేస్తుంది. సామాజిక మాధ్యమాల్లో బహిష్కరణ పిలుపులు హోరెత్తాయి. కంపెనీ రోజుల వ్యవధిలోనే ప్రకటనను వెనక్కు తీసుకుంది. మనోభావాలు గాయపడ్డాయని, ఉద్యోగుల, భాగస్వాముల, దుకాణాల సిబ్బంది క్షేమం దృష్టిలో పెట్టుకున్నామని ప్రకటించింది. గుజరాత్‌లోని గాంధీధామ్ దుకాణం తలుపు మీద క్షమాపణ కాగితం అతికించారు. అక్కడి మేనేజర్‌కు బెదిరింపు ఫోన్లు వచ్చాయని పోలీసులే చెప్పారు.

గాజు తలుపు వెనక నిలబడే సేల్స్ అమ్మాయిని ప్రమాదంలోకి నెట్టమని ఏ కంపెనీనీ నేను అడగను. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కంటే దాని నుంచి తెలుసుకోవలసింది ముఖ్యం. మతాంతర వివాహం చేసుకున్న జంటలు, మారు మనువు చేసుకున్న తల్లులు తమ జీవితాన్ని వెనక్కు తీసుకోలేరు. ప్రకటనను ఒక సాయంత్రంలో తీసేయవచ్చు. వాళ్లకు గౌరవం ఇచ్చిన బొమ్మ మాయమైంది, వాళ్లు అదే ఇంట్లో, అదే వీధిలో ఉన్నారు. బ్రాండు ఇచ్చే కొలబద్దకు, బ్రాండు ఇచ్చే అర్థానికి మధ్య తేడా ఇదే. క్యారెట్‌మీటర్ మీద ఎంతమంది వ్యాపారులు గొడవ చేసినా అంకె మారదు. కథ మాత్రం గొడవ పెరిగితే మారుతుంది.

డీ బీర్స్ అర్థం కూడా ఎంత శాశ్వతమో కాలం చూపించింది. ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు బజారును ముంచెత్తుతుంటే, 2018లో కంపెనీ తానే లైట్‌బాక్స్ పేరుతో వాటిని క్యారెట్ 800 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అవి సరదా కానుకలకే కాని నిశ్చితార్థానికి తగవని కూడా అదే చెప్పింది. 2025లో ఆ విభాగాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. రసాయనికంగా రెండూ కర్బనమే, రెండూ వజ్రమే. ఏది ప్రేమకు తగినదో, ఏది సరదాకు తగినదో తేల్చే అధికారం మాత్రం అమ్మేవాడు తన దగ్గరే ఉంచుకున్నాడు. ధరలు కుమ్మక్కుగా నిర్ణయించారన్న కేసులో ఇదే కంపెనీ 2004లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని కోటి డాలర్ల జరిమానా కట్టింది. ఇంత చరిత్ర ఉన్న నోటి నుంచి వచ్చిన నీతిని యువకులు ప్రశ్నించడం మొదలుపెట్టారంటే నాకు సంతోషమే.

2024 ఆగస్టులో డీ బీర్స్, తనిష్క్ చేతులు కలిపాయి. భారతీయులకు సహజ వజ్రాల మీద ఆసక్తి, అవగాహన పెంచడానికి దీర్ఘకాలం కలిసి పనిచేస్తామని ప్రకటించాయి. మన నిశ్చితార్థాల్లో ఉంగరాలు మార్చుకోవడం ఇప్పటికే స్థిరపడింది. రేపు ఆ ఉంగరంలో రాయి ఉండాలన్న మాట, ఆ తర్వాత అది ఎంతుండాలన్న మాట రావచ్చు. తనిష్క్ తెచ్చిన కొలబద్ద నిలబడుతుందా, డీ బీర్స్ తెచ్చే లెక్క దాన్ని మింగుతుందా అన్నది కొనేవాళ్ల మీద ఆధారపడి ఉంది. నా వరకు మొదటిదానికి చేతులెత్తి మొక్కుతాను, రెండోదాన్ని గుమ్మంలోనే ఆపాలంటాను.

ఈ ముహూర్తాలకు నగలు కొనబోయేవాళ్లకు నా మనవి. బిల్లు కట్టకముందే, దుకాణంలోనే, హెచ్‌యూఐడీ గుర్తును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి. బంగారం బరువు, రాళ్ల బరువు, తరుగు, మజూరీ విడివిడిగా రాయించుకోండి. వజ్రం ఉంటే తిరిగి ఎంతకు తీసుకుంటారో రాతపూర్వకంగా ఇమ్మనండి. ఏ నగ ఉండాలి, ఎంతుండాలి, అసలు ఉండాలా వద్దా అన్నది పెళ్లాడే ఇద్దరూ ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఆ ప్రశ్నను ఏ కౌంటర్ దగ్గరా అడగకండి.